రేచర్ల రుద్రసేనాని

భూపాలపల్లి సీమకు పొరుగుననున్న పాలంపేటను, అందలి రామప్ప చెరువును ఎఱుగనివారు మనలో నరుదు. ఆ చెరువును కట్టించిన రేచర్ల రుద్రుని చరితమును సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఇతడు కాకతీయుల సేనాని. దేవగిరి యాదవులతోడి యుద్ధమున మహాదేవరాజు మడియగా, ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీ యయ్యెను. సామంతులు తిరుగబడిరి. రుద్రుడు వారి నణచి రాజ్యమును నిలిపెను. 1199లో గణపతిదేవుడు విడుదలై రాగా, సింహాసనమును తా నాశింపక ప్రభువునకే యప్పగించెను.

పిదప 1213లో పాలంపేటయందు శివాలయమును ప్రతిష్ఠించెను. ఆ యాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది. చేతికందిన రాజ్యమును విడిచిన యా పెద్ద, నీటిని మనకు విడిచిపోయెను. విద్యార్థులారా, అధికారము పరుల సొమ్మని, దానిని కాచి యప్పగించుటయే సేవ యని ఈతనివలన మేము నేర్చితిమి.