అమృతా షేర్‌గిల్: దేహాన్ని తన కళ్లతో చూసిన చిత్రకారిణి

1936 చివరి రోజుల్లో ఒక యువ చిత్రకారిణి తన తైలవర్ణ చిత్రాలను వెంటబెట్టుకొని హైదరాబాదు వచ్చారు. అప్పటికి ఆమె వయసు ఇరవై మూడేళ్లు. పారిస్‌లో స్వర్ణపతకం అందుకున్న ఆ చిత్రకారిణికి స్వదేశంలో కొనుగోలుదారులు దొరకడం లేదు. కళాఖండాల సేకరణలో దేశమంతటా పేరున్న నవాబు సాలార్‌జంగ్ ఆమె చిత్రాలను పరిశీలించి, చివరకు తిప్పి పంపారు. మైసూరు మహారాజు ఆమెను కాదని రవివర్మ చిత్రాలను ఎంచుకున్నారు. ఆమె అమృతా షేర్‌గిల్.

ఈ తిరస్కారంలో ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. సాలార్‌జంగ్ వంశీయుల సేకరణలో ఐరోపా శిల్పాలకు, చిత్రాలకు లోటు లేదు. పలుచని మేలిముసుగులో మోము కనిపించే పాలరాతి రెబెక్కాను చూడడానికి నేటికీ జనం ఆ మ్యూజియానికి వెళుతూనే ఉన్నారు. పాశ్చాత్య పురాణాల ముసుగు కప్పుకున్న స్త్రీదేహం మన సంస్థానాల దివాణాలకు కొత్త కాదు. కంటికి ఇంపుగా ఉన్నంతవరకు దానిపై అభ్యంతరమూ లేదు. అమృత గీసిన మనుషులు మాత్రం ఎవరినీ మెప్పించడానికి నిలబడినవారు కారు. అలసటతో, మౌనంతో, తమలో తాము మునిగి ఉన్నవారు. అటువంటి చిత్రాన్ని గోడకు తగిలించుకోవడానికి వేరే కన్ను కావాలి.

అమృత 1913 జనవరి 30న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో జన్మించారు. తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ మజీఠియా పంజాబుకు చెందిన సిక్కు ప్రభువంశీయుడు, సంస్కృత పారశీకాలలో పండితుడు. తల్లి మేరీ ఆంత్వానెట్ హంగేరీకి చెందిన సంగీత విదుషి. మరుసటి ఏడాది చెల్లెలు ఇందిర పుట్టింది. 1921లో కుటుంబం భారతదేశానికి వచ్చి సిమ్లాలో స్థిరపడింది.

తండ్రి గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఉమ్రావ్ సింగ్‌కు ఫోటోగ్రఫీ అంటే ప్రాణం. భార్యాబిడ్డలనే కాక తనను తాను కూడా ఎన్నోసార్లు ఛాయాచిత్రాలు తీసుకున్నారు. యోగాభ్యాసం చేసే ఆ మనిషి కేవలం కౌపీనంతో కెమెరా ముందు నిలబడి, ఉపవాసాలతో చిక్కిన తన శరీరాన్ని తానే నమోదు చేసుకున్నారు. తన దేహాన్ని సిగ్గు లేకుండా, గర్వమూ లేకుండా పరిశీలించుకొనే అలవాటు ఆ ఇంట్లో తండ్రి నుంచే మొదలైందనిపిస్తుంది. అదే తండ్రి తరువాతి కాలంలో కూతురి నడవడి వల్ల కుటుంబ గౌరవానికి భంగం కలుగుతుందేమోనని భయపడి, ఆమె స్వదేశానికి తిరిగి రావడంపై సంశయం వ్యక్తం చేశారు.

1929లో కుటుంబం పారిస్‌కు వెళ్లింది. పదహారేళ్ల అమృత మొదట గ్రాండ్ షోమియేర్ అకాడమీలో, తరువాత ప్రఖ్యాత ఎకోల్ దే బోజార్‌లో లూసియన్ సైమన్ వద్ద శిక్షణ పొందారు. ఆ విద్యాలయం స్త్రీలకు తలుపులు తెరిచింది 1897లోనే. అంతకుముందు ఐరోపాలో చిత్రకళ నేర్చుకోదలచిన స్త్రీలకు వివస్త్రులైన మోడళ్లను చూసి గీసే తరగతులలో సాధారణంగా ప్రవేశం ఉండేది కాదు. ఆ అభ్యాసం లేనివారికి గొప్ప చారిత్రక, పౌరాణిక చిత్రాలు రచించే సామర్థ్యం రాదన్నది ఆనాటి శిక్షణలోని మూలసూత్రం. అంటే గోడల మీద కనిపించే నగ్నదేహాలలో అధికభాగం స్త్రీలవి. కుంచె పట్టిన చేతులు పురుషులవి. అమృత అడుగుపెట్టేనాటికి ఆ అడ్డంకి తొలగి ఒక తరం మాత్రమే గడిచింది.

పారిస్‌లో గడిపిన అయిదేళ్లలో ఆమె మానవదేహాన్ని బొగ్గుతో, రంగులతో విస్తారంగా చిత్రించారు. 1932లో వేసిన యువతుల చిత్రంలో చెల్లెలు ఇందిర నిండుగా దుస్తులు ధరించి కూర్చుని ఉంటుంది. ఎదురుగా ఫ్రెంచి స్నేహితురాలు జుట్టు విరబోసుకొని, జారిన వస్త్రాలతో కనిపిస్తుంది. ఇద్దరి మధ్య సంకోచం లేదు. ఆ చిత్రానికే మరుసటి సంవత్సరం గ్రాండ్ సలోన్‌లో స్వర్ణపతకం లభించింది, ఆ సంస్థ సహసభ్యత్వమూ దక్కింది.

అయితే ఆ కాలపు రచనల్లో నన్ను ఎక్కువగా నిలబెట్టేది పతకం అందుకున్న చిత్రం కాదు. 1933లో వేసిన వృత్తి మోడల్ చిత్రం. అందులో ఉన్నది యవ్వనం దాటిపోయి చిక్కిపోయిన స్త్రీ. రొమ్ములు వాలిపోయాయి, భుజాలు కుంగిపోయాయి. రోజుకూలికి బట్టలు విప్పి గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఆమె జీవనోపాధి. శతాబ్దాలుగా చిత్రకారులు అటువంటి స్త్రీలను ఎదుట కూర్చోబెట్టుకొని వీనస్‌గా, వనదేవతగా మార్చి చూపారు. ఇరవై ఏళ్ల అమృత ఆ మార్పు చేయలేదు. కూర్చున్న మనిషినే గీశారు. దేవత వేషం తీసివేస్తే మిగిలేది శ్రామికురాలు అన్న సంగతి ఆ చిత్రం ముందు నిలుచున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

1934లో ఆమె తనను తానే తాహితీ ద్వీపవాసినిగా ఊహించుకొని చిత్రించుకున్నారు. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాఁ తాహితీ స్త్రీల అర్ధనగ్న చిత్రాలతో ప్రసిద్ధుడు. ఐరోపా పురుషుడు దూరద్వీపపు స్త్రీలను చూసిన చూపు అది. అమృత ఆ భంగిమను తీసుకొని, ఆ స్థానంలో తన దేహాన్ని నిలిపారు. నడుము పైభాగం అనాచ్ఛాదితం, చేతులు ముందుకు ముడిచి ఉన్నాయి, చూపు పక్కకు మళ్లి ఉంది. వెనుక గోడపై ఒక పురుషుని నీడ. చూసేవాడు ఉన్నాడని చెబుతూనే, అతడిని నీడగా మిగిల్చివేశారు.

ఆ ఏడాది చివరలోనే ఆమె భారతదేశానికి తిరిగివచ్చారు. ఐరోపాలో నేర్చుకున్న ఆధునిక కళే తనకు భారతీయ శిల్పచిత్రకళలను అర్థం చేసుకొనే దారి చూపిందని తల్లిదండ్రులకు రాసిన లేఖలో ఆమె వివరించారు. రాగానే పలకరించినది మాత్రం సిమ్లా కళాసంఘం. 1935 ప్రదర్శనకు ఆమె పంపిన పది చిత్రాలలో సగం తిరస్కరించి, అంగీకరించిన వాటిలో ఒకదానికి బహుమతి ప్రకటించింది. ఆమె ఆ బహుమతిని వాపసు చేశారు. ఆమె అహంకారి అని అప్పట్లో పేరు వచ్చింది. అందులో కొంత నిజం ఉండవచ్చు. అంతటి ధీమా లేకపోతే ఆ రోజుల్లో ఆ పని చేయడం కూడా సాధ్యమయ్యేది కాదు.

దక్షిణాది పర్యటన ఆమె కుంచెను మార్చివేసింది. అజంతా, ఎల్లోరా చూశారు. అజంతా గుహల్లో రాణి అయినా, పరిచారిక అయినా, భిక్షువు అయినా దేహం సహజంగా వెల్లడవుతుంది. నగలు ఉంటాయి, వస్త్రం ఉండీ లేనట్లుంటుంది. దానిని ఎవరూ నగ్నత అనరు. మన కృష్ణాతీరపు అమరావతి శిల్పాలను చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. బుద్ధుని పాదాలకు మొక్కే స్త్రీల పలుచని వస్త్రాలను చెక్కిన శిల్పికి, అవి ప్రతిష్ఠించిన స్తూపానికి ప్రదక్షిణ చేసిన భక్తులకు దేహం వల్ల భక్తికి భంగం కలగలేదు. ఆ సిగ్గు మనకు తరువాత వచ్చి చేరింది. వలసపాలన నాటి చట్టాలు, చదువులు దానిని స్థిరపరిచాయి.

కొచ్చిన్‌లోని మట్టంచేరి రాజప్రాసాదంలో అమృత కుడ్యచిత్రాల ఎదుట కూర్చొని నకళ్లు గీసుకున్నారు. రామాయణ ఘట్టాలతో పాటు గోపికల మధ్య కృష్ణుడు, మోహినితో శివుడు ఆ గోడల మీద ఉన్నారు. అక్కడి శృంగారం దాపరికం లేనిది. ఈ యాత్ర ఫలితమే 1937 నాటి మూడు చిత్రాలు: వధువు అలంకరణ, బ్రహ్మచారులు, సంతకు వెళుతున్న దక్షిణాది గ్రామీణులు. వధువు పైభాగం అనాచ్ఛాదితంగానే ఉంది. కానీ పారిస్ స్టూడియోలోని నగ్నత అది కాదు. తలదువ్వుతున్న ఆడవారి మధ్య, పెళ్లిసిద్ధమవుతున్న పిల్ల ముఖంలో సంబరం లేదు. బ్రహ్మచారులు కూడా పై బట్ట లేకుండానే కూర్చున్నారు. వారిని చూసి ఎవరూ కళ్లు తిప్పుకోరు. దేహం ఒకటే అయినా సందర్భం మారితే చూపు మారుతుంది. ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే ఆ సంగతి మరింత స్పష్టమవుతుంది.

1937లోనే బాంబే ఆర్ట్ సొసైటీ ఆమె ముగ్గురు యువతుల చిత్రానికి స్వర్ణపతకం ఇచ్చింది. 1938లో హంగేరీ వెళ్లి మేనత్త మేనమామల వరుస పట్టింపు లేకుండా తన బంధువు, వైద్యుడైన విక్టర్ ఈగన్‌ను వివాహం చేసుకున్నారు. భర్తతో తిరిగివచ్చి గోరఖ్‌పూర్ సమీపంలోని సరయా ఎస్టేట్‌లో నివసించారు. అక్కడ 1940లో వేసిన చిత్రంలో ఒక యువతి ఎర్రని దుస్తులతో నులకమంచంపై వాలి ఉంటుంది, పక్కన ఒక స్త్రీ విసనకర్రతో కూర్చుంటుంది. ఆమె నిండుగా వస్త్రాలు ధరించే ఉంది. అయినా జనానా ఇళ్ల మధ్యాహ్నపు ఉక్కపోత, చెప్పుకోలేని కోరిక ఆ శరీరమంతటా కనిపిస్తాయి. పారిస్‌లో బట్టలు విప్పి చెప్పిన దానికంటే ఇక్కడ కప్పి చెప్పినదే ఎక్కువ అని నా అభిప్రాయం.

1941లో దంపతులు లాహోరుకు మకాం మార్చారు. డిసెంబరులో అక్కడ ప్రదర్శన ఏర్పాటవుతుండగా అమృత హఠాత్తుగా అస్వస్థులయ్యారు. డిసెంబరు 5 అర్ధరాత్రి కన్నుమూశారు. వయసు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంటి మిద్దెపై నుంచి కనిపించే గేదెల దృశ్యం కాన్వాసుపై అసంపూర్ణంగా మిగిలిపోయింది.

ఆమె చిత్రాలను 1976లో జాతీయ కళాసంపదగా ప్రకటించారు. వాటిని దేశం దాటించడానికి వీలులేదు. ఎక్కువభాగం న్యూఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరంలో ఉన్నాయి. ఒకప్పుడు కొనేవారు లేని ఆ కుంచెకు 2023లో ఒక్క చిత్రానికే 61.8 కోట్ల రూపాయల ధర పలికింది. మరోవైపు, ఆమె మరణించిన పదమూడేళ్లకు, 1954లో బొంబాయిలో అక్బర్ పదంసీ ప్రేమికుల చిత్రాలపై అశ్లీలత కేసు నడిచింది, కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. అదే పదంసీ చిత్రాలతో పాటు సూజా చిత్రాలను ముంబయి కస్టమ్స్ అధికారులు పట్టివేస్తే, వాటిని విడుదల చేయాలని బొంబాయి హైకోర్టు 2024లో ఆదేశించవలసి వచ్చింది.

చెల్లెలు ఇందిర కుమారుడు వివాన్ సుందరం కూడా చిత్రకారుడే. పెద్దమ్మ వేసిన చిత్రాలను, తాత తీసిన ఛాయాచిత్రాలను కలిపి 2001 నుంచి ఆయన ఒక డిజిటల్ చిత్రమాల రూపొందించారు. కెమెరా ముందు తనను తాను చూసుకున్న తండ్రి, అద్దం ముందు తనను తాను గీసుకున్న కూతురు అందులో ఒకే చట్రంలో కలుసుకున్నారు.