యల్లాప్రగడ సుబ్బారావు: అస్థిసంధుల పాఠం

మదరాసు వైద్యకళాశాలలో చదువు ముగించుకొని వెలుపలికి వచ్చిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చేతిలో ఉన్నది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకు ఒక మెట్టు దిగువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. అందుకు కారణం తెలివి కొరత కాదు. గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినారు. ఆ శాఖ ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపయినది. వ్రాతపరీక్షలు చక్కగా వ్రాసినా ఫలితం మాత్రం మారలేదు. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకక, ఆ యువవైద్యుడు మదరాసులోనే డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రం బోధించే ఉపన్యాసకుడుగా చేరినారు.

సుబ్బారావుగారి జీవితచరిత్రలలో ఈ కొద్దికాలపు ఉద్యోగం ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. అది కొంత అన్యాయమే. ఎముకలనూ, కీళ్ళనూ వర్ణించి చెప్పిన ఆ ఉపాధ్యాయుని ప్రయోగశాల నుండే, కీళ్ళను కొరుక్కుతినే ఒక మొండి వ్యాధికి తరువాతి కాలంలో మందు దొరికినది.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట్లో లేమి ఎక్కువ. పదమూడేండ్ల ప్రాయంలో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరినాడు బాలుడు. తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో వేసినది. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని దక్కలేదు. తరగతిలో తప్పిన పిల్లవాణ్ణి చూచి పెదవి విరిచే ఉపాధ్యాయులు ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోదగినది. తరువాత రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు, తల్లి సమ్మతించలేదు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయంతో వైద్యవిద్య సాగినది.

అంతలో ఆ యింటిమీద స్ప్రూ అనే వ్యాధి విరుచుకుపడినది. ప్రేగులు ఆహారసారాన్ని పీల్చుకోలేక, మనిషి పాలిపోయి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. ఇద్దరు సోదరులను అది పొట్టన పెట్టుకున్నది. సుబ్బారావుగారినీ పట్టుకున్నది. ఆయనను లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స నిలబెట్టినది. పాఠం చెప్పడానికి ఆయన వెళ్ళినది, తనకు ప్రాణం పోసిన వైద్యుని కళాశాలకే.

ఆయుర్వేద విద్యార్థికి శారీరమంటే సుశ్రుతుడు. మదరాసులో చదివిన వైద్యునికి శారీరమంటే పాశ్చాత్య గ్రంథాలు. సుశ్రుతసంహిత శారీరస్థానంలో సంధుల సంఖ్య 210. అందులో 68 కాళ్ళుచేతులలోను, 59 మొండెంలోను, 83 మెడ మొదలుకొని పైభాగాన ఉన్నవి. వాటిని ఆయన ఎనిమిది జాతులుగా విభజించినాడు. ఆ పేర్లు చూడండి: రోలువలె గుంట గలది ఉలూఖలం, కుట్టువలె ఉన్నది తున్నసేవని, కాకిముక్కును పోలినది వాయసతుండం, శంఖపు సుడివంటిది శంఖావర్తం. వీటితోపాటు కోర, సాముద్గ, ప్రతర, మండల సంధులు. పుర్రె ఎముకల అతుకును కుట్టుతో పోల్చడం ఎంత సరియైనదంటే, ఐరోపావారి గ్రంథాలలో దాని పేరుకు అర్థం కూడ కుట్టే.

పాశ్చాత్యులు మాత్రం ఆకారానికంటె ముందు మరొకటి అడిగినారు: రెండెముకల నడుమ ఉన్న పదార్థమేమిటి? నార ఉంటే తంతుసంధి. మృదులాస్థి ఉంటే మృదులాస్థిసంధి. సన్నని పొర కప్పిన సంచి, అందులో కోడిగ్రుడ్డు తెల్లసొనవంటి జిగటద్రవం ఉంటే సైనోవియల్ సంధి. ఈ మూడవ జాతిలోనే బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారుడు కీలు మొదలైన భేదాలు. తలుపుకున్నదాన్నీ, ఒంటికున్నదాన్నీ ఒక్క మాటతో కీలు అని పిలిచిన తెలుగువానికి మడతబందును గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

బడిపిల్లలకు ఇది పుస్తకంలోని పటంకంటె పొలంగట్టుమీద బాగా తెలుస్తుంది. కరీంనగరం నుండి పెద్దపల్లికి పోయే బాటలో సుల్తానాబాదు ఉన్నది. 2016 వరకు కరీంనగర్ జిల్లాలోను, ఆపైన పెద్దపల్లి జిల్లాలోను చేరిన ఊరు. చుట్టూ వరిపొలాలు, ఊళ్ళో బియ్యపు మిల్లులు. వానకాలంలో అక్కడ నాటు వేసే ఆడవారిని ఉపాధ్యాయుడు చూపితే చాలు. నారుమూట మోసిన తలలో పుర్రె ఎముకలు తంతుసంధులతో బిగిసి ఉన్నవి, అవి కదలవు. నడుము వంగినప్పుడు వెన్నుపూసల నడుమ మృదులాస్థి బిళ్ళలు కొద్దికొద్దిగా నొక్కుకొని దారి ఇస్తవి. తుంటిలో బంతిగిన్నె, మోకాట మడతబందు. తల పక్కకు త్రిప్పి పొరుగామెతో ముచ్చటాడితే మెడలో మొదటి పూస రెండవ పూస కొమ్ము చుట్టూ బొంగరంవలె తిరుగుతుంది. ఎడమచేతి కట్టనుండి రెండు మూడు నారుమొక్కలు వేరుచేసి బురదలో గుచ్చే బొటనవ్రేలి మొదట, మణికట్టు దగ్గర, గుర్రపుజీను ఆకారపు కీలు. అది లేకపోతే బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ళకు ఎదురుగా నిలువలేదు; నాటూ లేదు, కలమూ లేదు.

ఈ వర్గీకరణ పరీక్షకు వల్లించే పట్టిక మాత్రమే కాదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ళవాతంలో శరీర రక్షణవ్యవస్థ దారితప్పి తన సంధులమీదనే తిరుగబడుతుంది. దాని గురి సైనోవియల్ పొర. ఆ పొర లేని పుర్రె కుట్లను అది ముట్టదు. మణికట్టు, వ్రేళ్ళ మొదటి కణుపులు, నడిమి కణుపులు దానికి ప్రీతి. మెడలోని బొంగరపు కీలును సైతం పట్టగలదు. విచిత్రమేమంటే వ్రేళ్ళ కొసకీళ్ళలో ఆ పొర ఉన్నా వాటిని సాధారణంగా వదలివేస్తుంది. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు ఎక్కువ. తెల్లవారి లేచేసరికి వ్రేళ్ళు ముడుచుకోవు. సరియైన చికిత్స లేకపోతే కొన్నేండ్లకు వంకరపోతవి. ముసలితనంలో మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు. దానికీ దీనికీ మందులు వేరు.

సుబ్బారావుగారు మదరాసులో ఉన్ననాటికి ఈ వ్యాధిని అదుపుచేసే ఔషధం లేదు. ఆయన మనస్సులోనూ అది లేదు. అక్కడ ఉన్నది సోదరులను చంపిన స్ప్రూ. మామగారి ధనంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయంతోను, 1920 దశకం మొదట్లో భార్య శేషగిరిగారిని విడిచి అమెరికా వెళ్ళినారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. ఎల్.ఎం.ఎస్. పట్టాకు అక్కడ విలువ లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగం చేసి పొట్టపోసుకున్నారు. హార్వర్డులో 1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా, 1930లో పిహెచ్.డి. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతినీ, 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో జీవకణానికి ఇంధనమైన ఎ.టి.పి.నీ వెలుగులోకి తెచ్చినారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడ ఎ.టి.పి.ని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు.

1940లో న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చిన్న పట్టణంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారి, తరువాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయినారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. మరుసటి సంవత్సరానికి స్ప్రూ రోగులు దానితో కోలుకొన్నారు. మదరాసులో ఇద్దరు సోదరులకు అందని మందు అట్లు లోకానికి అందినది. బోదకాలుకు డైఇథైల్ కార్బమజీన్ కూడ అక్కడిదే. నేడు ఇంటింటికీ పంచే మాత్రలలో అది ఒకటి. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కూడ ఆయన ఆధిపత్యంలోని ఫలమే.

ఫోలిక్ ఆమ్లం ఆకారంలోనే ఉండి, దాని పనిని అడ్డగించే నకిలీ పదార్థాలను ఆ బృందమే సృష్టించినది: అమినాప్టెరిన్, అమెథాప్టెరిన్. వేగంగా పెరిగే కణం అసలని భ్రమించి నకిలీని స్వీకరిస్తుంది, పెరుగుదల నిలిచిపోతుంది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరుతో మరణావస్థలో ఉన్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇయ్యగా, పదిమందికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగినది. ఆ వార్త 1948 జూన్‌లో వెలువడినది. ఆగస్టు 9వ తేదీన సుబ్బారావుగారు న్యూయార్కులోని తమ గదిలో నిద్రలోనే గుండె ఆగి మరణించి ఉండగా చూచినారు. వయస్సు 53.

కీళ్ళ సంగతి ఆ తరువాతిది. 1951లో గబ్నరు, అతని సహచరులు అమినాప్టెరిన్‌ను రుమటాయిడ్ రోగులకు ఇచ్చి, వాపు తగ్గడం గమనించినారు. కాని ఆ రోజులలో కార్టిజోన్ మోజులో వైద్యలోకం దాన్ని పట్టించుకోలేదు. మెథోట్రెక్సేట్ అనే పేరు మోసిన అమెథాప్టెరిన్‌ను అమెరికా ప్రభుత్వం కీళ్ళవాతానికి ఆమోదించేసరికి 1988 వచ్చినది. ముప్పది ఏడేండ్ల ఆలస్యంలో ఎందరి వ్రేళ్ళు వంగిపోయినవో!

నేడు ఈ వ్యాధికి వైద్యులు సాధారణంగా ముందుగా వ్రాసేది ఆ మందే. దాన్ని వారానికి ఒక్కసారి, చిన్న మోతాదులో మాత్రమే తీసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడ జత చేస్తారు. అనగా రోగి పుచ్చుకునే అసలూ, నకిలీ రెండూ పెర్ల్ రివర్‌లో తయారైనవే. ఆ చిన్న మోతాదు సంధిలోని మంటను ఎట్లు ఆర్పుతున్నదని పరిశోధించినవారు, అది ఎడినోసిన్ అనే పదార్థాన్ని అక్కడ పెంచడంవల్లనని చాలవరకు అభిప్రాయపడుతున్నారు. 1929లో సుబ్బారావుగారు కండరంలో కనుగొన్న ఎ.టి.పి.లోని మొదటి అక్షరం ఆ ఎడినోసిన్‌దే.