సామర్లకోటలో ఓషధుల అన్వేషణ
మూలికల తెలుగు పేర్లను శాస్త్రానికెక్కించిన రాక్స్‌బర్గ్

సోమిద మానుకు ప్రపంచమంతటా చెల్లే శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. అందులో మొదటి పదం తెలుగువారి వాడుకలోని పేరే. రెండోది లాటిన్ పదం. జ్వరాన్ని పారదోలేది అని దాని అర్థం. ఈ మూలికను పాశ్చాత్య శాస్త్రలోకానికి పరిచయం చేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. భారత వృక్షశాస్త్ర పితామహుడిగా పేరొందిన ఆయన తన కృషికి పునాది వేసుకున్నది ప్రస్తుత కాకినాడ జిల్లాలోని సామర్లకోటలోనే.

గోదావరి సీమకు రాక

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యంతోపాటు వృక్షశాస్త్రం అభ్యసించారు. 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్య విభాగంలో చేరి, 1781లో సామర్లకోటకు వచ్చారు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క వంటి మొక్కలను పెంచారు. చుట్టుపక్కల కొండలు, అడవుల్లోని చెట్లను పరిశీలించి వాటి ఉపయోగాలను నమోదు చేశారు. స్థానిక చిత్రకారులను నియమించుకుని మొక్కల బొమ్మలు గీయించారు.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ సాహచర్యం ఆయనకు ఎంతో తోడ్పడింది. 1785లో కోనిగ్ కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశారు. 1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ అప్పటిదాకా కూడబెట్టిన మొక్కల నమూనాలు, పుస్తకాలు కొట్టుకుపోయాయి. అయినా ఆయన కుంగిపోలేదు. సేకరణను తిరిగి మొదటి నుంచి ఆరంభించారు. 1789లో కంపెనీ వృక్షశాస్త్రవేత్తగా నియమితులయ్యారు.

పేరు తప్పితే మందు తప్పినట్లే

మూలికా వైద్యంలో మొట్టమొదటి మెట్టు ద్రవ్యాన్ని సరిగా గుర్తించడం. ఆయుర్వేద నిఘంటువులు ఒక్కొక్క ఓషధికి అనేక పర్యాయపదాలు చెబుతాయి. మరోవైపు ఒకే పేరు పలు మొక్కలకు ఉంటుంది. తెలుగులో పాల అనే మాటే ఇందుకు ఉదాహరణ. కొడిశపాల, ఏడాకులపాల, సుగంధిపాల, వెర్రిపాల అన్నీ వేర్వేరు మొక్కలు. గిల్లితే పాలు కారడం వల్ల వాటికి ఆ పేరు వచ్చింది.

సంస్కృతంలో కుటజమని పిలిచే కొడిశపాల బెరడును జిగట విరేచనాలకు వాడతారు. చూపుకు దానిని పోలి ఉండే అంకుడు బెరడు దాని స్థానంలో కలిసిపోవడం మూలికల వ్యాపారంలో చిరకాలంగా ఉన్న చిక్కు. బెరడు మారితే రోగికి ఆశించిన ఫలితం దక్కదు. ఏటికొప్పాక బొమ్మలకు కర్రనిచ్చే ఈ అంకుడు చెట్టును రాక్స్‌బర్గ్ ప్రత్యేకంగా పరిశీలించారు. దాని ఆకుల నుంచి నీలిమందు తీసే విధానాన్ని వివరించారు. శాస్త్రీయ నామంలో ఆయన ఉంచిన టింక్టోరియా అనే పదానికి రంగులద్దకానికి సంబంధించినదని అర్థం.

కులం, జాతి అనే రెండు పదాలతో ప్రతి మొక్కకూ ఒకే పేరు పెట్టే లిన్నేయస్ పద్ధతిని రాక్స్‌బర్గ్ అనుసరించారు. అయితే శాస్త్రీయ నామం పెట్టి ఊరుకోలేదు. ఆ పక్కనే తెలుగు పేరునూ చేర్చారు. ఏ మొక్కను గురించి చెబుతున్నదీ ఇటు స్థానిక వైద్యుడికి, అటు ఐరోపా పండితుడికి తెలిసే మార్గం దీనివల్ల ఏర్పడింది.

ప్రతినిధి ద్రవ్యాల కోసం

దొరకని ఓషధికి బదులుగా సమాన గుణం కలిగిన మరొకదానిని వాడటాన్ని ఆయుర్వేదం ప్రతినిధి ద్రవ్యం అంటుంది. రాక్స్‌బర్గ్ అన్వేషణా ఇటువంటిదే. ఆ కాలంలో జ్వరాలకు సింకోనా బెరడు, జిగట విరేచనాలకు ఇపెకాక్ వేరు దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో రావలసి వచ్చేది. సింకోనాకు బదులు జ్వరహరమైన సోమిద బెరడును ఆయన ప్రతిపాదించారు. ఇపెకాక్‌కు బదులు కోరమాండల్ తీరంలో వాడుకలో ఉన్న వెర్రిపాల వేరును నమోదు చేశారు. ఇది వమనకారి, అంటే వాంతి చేయించే ద్రవ్యం. బురద నీటిని తేర్చేందుకు కుండ లోపల చిల్లగింజను అరగదీసే గ్రామీణుల పద్ధతినీ గ్రంథస్థం చేశారు.

అన్ని ఆశలూ ఫలించలేదు. 1820లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు సింకోనా నుంచి క్వినైన్‌ను వేరు చేశారు. సోమిద బెరడులో అది లేదు. 1860 దశకంలో నీలగిరుల్లో సింకోనా తోటలు వెలిశాక సోమిద వెనుకబడింది. వెర్రిపాల మాత్రం 20వ శతాబ్దిలో ఉబ్బసంపై పరిశోధనల ద్వారా మళ్లీ వెలుగులోకి వచ్చింది. అయితే వమన గుణం ఉన్న ఇటువంటి మూలికలను వైద్యుల సలహా లేకుండా వాడటం ప్రమాదకరం.

గ్రంథాల్లో మిగిలిన తెలుగు

రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లారు. తెలుగు నేలపై సేకరించిన సమాచారంతో కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండన్‌లో వెలువడింది. ఆరోగ్యం క్షీణించి 1813లో భారతదేశం విడిచిన ఆయన 1815లో ఎడిన్‌బరోలో మరణించారు. ఫ్లోరా ఇండికా ఆయన మరణానంతరమే అచ్చయింది. అందులోనూ తెలుగు పేర్లు కొనసాగాయి.

1830లో ఫ్రాన్సు శాస్త్రవేత్త జుస్యూ సోమిదను ప్రత్యేక కులంగా గుర్తించి, తెలుగు పేరునే దానికి ఖాయం చేశారు. నేటికీ ఆ శాస్త్రీయ నామం చివర రాక్స్‌బర్గ్ పేరు సంక్షిప్తంగా కనిపిస్తుంది. ఆ పేరును తరతరాలుగా పలికిన పల్లె వైద్యుల ఊసు మాత్రం అందులో లేదు.