మిల్లుల దేశంలో రంగుల బాన: ఎథెల్ మైరే జీవితం

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండ్‌లో చేనేతకు, సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసినవారిలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు ఎథెల్ మైరే. ప్రపంచానికి మిల్లు బట్ట అమ్మిన దేశంలో ఆమె రాట్నాన్ని, మగ్గాన్ని, రంగుల బానను నమ్ముకుని నలభై ఏళ్లకు పైగా బతికారు. ఆ దారి ఆమెకు కనిపించింది మాత్రం అదే మిల్లు బట్ట దెబ్బకు మగ్గాలు మూలపడుతున్న సిలోన్‌లో, అంటే నేటి శ్రీలంకలో.

ఆమె పుట్టింటి పేరు ఎథెల్ పార్ట్రిడ్జ్. 1872లో డెవాన్‌లోని బార్న్‌స్టపుల్ పట్టణంలో పుట్టారు. తండ్రికి మందుల దుకాణం ఉండేది. పియానో బోధనలో అర్హత సంపాదించి, సంపన్నుల ఇళ్లలో పిల్లలకు చదువు చెబుతూ కొంతకాలం లండన్‌లోనూ, జర్మనీలోనూ గడిపారు. ముప్పై ఏళ్ల వయసు వరకు ఆమె జీవితంలో మగ్గం ఊసే లేదు.

సిలోన్‌లో నాలుగేళ్లు

1902లో ఆమె ఆనంద కుమారస్వామిని పెళ్లాడారు. భారతీయ కళా చరిత్రకారుడిగా మనకు తెలిసిన కుమారస్వామి అప్పటికి భూగర్భ శాస్త్రవేత్త. సిలోన్ ఖనిజ సర్వే బాధ్యతలు ఆయనకు దక్కడంతో 1903లో దంపతులిద్దరూ అక్కడికి వెళ్లారు. రాళ్ల కోసం తిరిగిన ఆ ప్రయాణాల్లోనే కాండీ ప్రాంతపు నేతగాళ్లు, కమ్మరులు, కుమ్మరులు, చాపలు అల్లేవాళ్లు వారి కంటపడ్డారు. తరతరాల పనితనం చాలాచోట్ల కొద్ది కుటుంబాలకే పరిమితమై కనిపించింది. కుమారస్వామి వివరాలు రాసుకుంటే ఎథెల్ ఫొటోలు తీశారు, అల్లికల నమూనాలు సేకరించారు.

1907లో ఇంగ్లండ్ తిరిగి వచ్చాక ఇద్దరూ బ్రాడ్ క్యాంప్డెన్ గ్రామంలో పాత నార్మన్ చాపెల్‌ను ఇల్లుగా మార్చుకున్నారు. ఒకప్పుడు విలియం మోరిస్ వాడిన ముద్రణ యంత్రం మీద 'మెడీవల్ సింహళీస్ ఆర్ట్' పుస్తకం అక్కడే అచ్చయింది. 1908లో వెలువడిన ఆ గ్రంథం మీద రచయితగా ఉన్నది కుమారస్వామి పేరే. అయితే అందులోని ఫొటోల్లో చాలావాటి వెనుక ఎథెల్ శ్రమ ఉంది.

అదే కాలంలో ఆ ఇంటికి దగ్గర్లోనే మరో పాఠం కళ్లముందు నడిచింది. సి.ఆర్. యాష్‌బీ లండన్ నుంచి తెచ్చి చిప్పింగ్ క్యాంప్డెన్‌లో నిలిపిన చేతివృత్తుల గిల్డు నష్టాలు తట్టుకోలేక 1908లో చితికిపోయింది. ఎథెల్ తమ్ముడు ఫ్రెడ్ అందులో నగల పనివాడిగా ఉండేవాడు. ఆశయం ఎంత గొప్పదైనా సరుకు అమ్ముడుపోకపోతే పనివాడికి కూలి దొరకదని ఆ గిల్డు చూపించింది. 1909 ప్రాంతంలో ఎథెల్ రంగులద్దడం, నేయడం మొదలుపెట్టారు. కుమారస్వామితో బంధం తెగిపోయాక ఆ పనే ఆమెకు బతుకుదెరువు అయింది. 1913లో ఆమె ఫిలిప్ మైరేను పెళ్లి చేసుకున్నారు.

రంగు పట్టే రహస్యం

1916లో 'ఎ బుక్ ఆన్ వెజిటబుల్ డైస్' అచ్చయింది. ససెక్స్‌లోని డిచ్లింగ్ గ్రామంలో చిన్న ముద్రణాలయం తెచ్చిన చిన్న పుస్తకం అది. 1856లో విలియం పెర్కిన్ తొలి కృత్రిమ రంగును తయారు చేశాక అరవై ఏళ్లలోనే యూరప్ తన రంగరుల విద్యను దాదాపు మరిచిపోయింది. పాత పుస్తకాల్లోని పద్ధతులను వెతికి, చేసి చూసి, ఇంట్లో పని చేసుకునేవారికి పనికొచ్చే కొలతలతో ఆమె రాశారు.

ఆ పనిలో ఓర్పే ప్రధానం. ఆకో వేరో నీళ్లలో ఉడకబెట్టినంత మాత్రాన రంగు నిలవదు. ఉన్ని చిలపలను ముందు పటిక నీళ్లలో మరిగిస్తేనే చాలా రంగులు దారాన్ని పట్టుకుంటాయి. పటిక బదులు అన్నభేది వాడితే అదే మొక్క ముదురు, మసక రంగులిస్తుంది. మంజిష్ఠ జాతి వేర్ల నుంచి మంచి ఎరుపు రావాలంటే నీళ్లు నెమ్మదిగా వేడెక్కాలి, తెర్లకూడదు. తెర్లితే ఎరుపు గోధుమ రంగులోకి దిగుతుంది. నీలిమందు దారి వేరు. అది నీళ్లలో కరగదు. క్షారం కలిపి పులియబెట్టిన బానలో కరిగించాలి. బానలోంచి తీసినప్పుడు పసుపుపచ్చగా ఉన్న దారం గాలి తగిలే కొద్దీ ఆకుపచ్చగా, తర్వాత నీలంగా మారుతుంది.

తెలుగు పాఠకులకు ఇది పరాయి విద్య కాదు. కోరమాండల్ తీరంలో ఇదే ఎరుపును చిరివేరుతో తీశారు. మచిలీపట్నం, కాళహస్తి కలంకారీలో కరక్కాయ, పటిక, నీలిమందు చేసే పని ఇలాంటిదే. మంజిష్ఠ జాతి వేర్లలోనూ చిరివేరులోనూ ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1860ల చివర్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారు చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి వచ్చింది. ఆ దెబ్బ రెండు ఖండాల రైతులకూ రంగరులకూ తగిలింది.

'గాస్పెల్స్' కార్ఖానా

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే డిచ్లింగ్ చేరిన ఎథెల్ 1920 ప్రాంతంలో అక్కడ 'గాస్పెల్స్' పేరుతో ఇల్లు కట్టించారు. నివాసం, రంగుల గది, మగ్గాలు అన్నీ ఒకేచోట. యువతులు కొందరు జీతానికి, కొందరు పని నేర్చుకోవడానికి వచ్చేవారు. ఉన్ని వడకడం నుంచి రంగు, నేత దాకా ప్రతి దశా వారు తెలుసుకోవాలని ఆమె పట్టుబట్టేవారు. అక్కడి నుంచి దుస్తుల బట్ట, కండువాలు, శాలువాలు వెళ్లేవి. జపాన్ కుమ్మరి షోజీ హమాదా ఆ ఇంటికి వచ్చి, పల్లెలో ఉంటూ చేతిపనితో బతికే ఆ తీరుకు ముచ్చటపడి, ఆమె బట్టతో సూటు కుట్టించుకున్నారు. ఆ తర్వాత ఆయన స్వదేశంలో మషికో గ్రామంలో స్థిరపడ్డారు.

అయినా అసలు చిక్కు తీరలేదు. చేత్తో వడికి, వేర్లతో రంగేసి, చేత్తో నేసిన బట్టకు న్యాయమైన ధర కడితే దాన్ని కొనగలిగేది డబ్బున్నవాళ్లే. 1930లలో ఎథెల్ ఈ చిక్కును దాటవేయలేదు. స్కాండినేవియా దేశాలు తిరిగి నేత తీరును గమనించారు. మిల్లు నూలును కూడా మగ్గం మీద వాడి చూశారు. పడుగు, పేక, రంగు, నూలు స్వభావాన్ని పరీక్షించే ప్రయోగశాలగా చేతి మగ్గం పనిచేయాలని, అక్కడ తేలిన మంచి డిజైన్ మిల్లుకు వెళ్లాలని ఆమె వాదన. 1939లో వెలువడిన 'హ్యాండ్ వీవింగ్ టుడే' పుస్తకం సారం అదే. అంతకుముందు 1937లో రాయల్ డిజైనర్ ఫర్ ఇండస్ట్రీ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. మిల్లును కాదని మొదలైన మనిషికి పరిశ్రమ డిజైనర్ బిరుదు రావడం యాదృచ్ఛికం కాదు.

ఆ వాదనకు బలమైన రుజువు మరియాన్ స్ట్రౌబ్. గాస్పెల్స్‌లో వడకడం, రంగు వేయడం నేర్చుకున్న ఈ స్విస్ యువతి తర్వాత వేల్స్‌లో మూతపడే స్థితిలో ఉన్న చిన్న ఉన్ని మిల్లులకు కొత్త డిజైన్లు ఇచ్చారు. మరికొన్నేళ్లకు ఆమె రూపొందించిన బట్ట లండన్ రైళ్ల సీట్ల మీదికి ఎక్కింది. శాలువా కొనలేని కార్మికుడు కూడా ఆ సీటు మీద కూర్చున్నాడు.

ఎథెల్ 1952 నవంబరులో డిచ్లింగ్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు ఎనభై. చివరి ఏళ్ల వరకు గాస్పెల్స్‌లో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. తర్వాతి తరంలో పేరుమోసిన నేత కళాకారుడు పీటర్ కాలింగ్‌వుడ్ వైద్య వృత్తి వదిలి వచ్చి అక్కడ పనిచేసినవాడే.

చేనేతకు సబ్సిడీ ఇచ్చి కాపాడాలా, ఖరీదైన కళగా మిగలనివ్వాలా అన్న చర్చ నేటికీ పోచంపల్లిలో, పెడనలో నడుస్తోంది. ఎథెల్ ఆ రెండిటి మధ్య మూడో దారి వెతికారు. నేతగాడి చేతిలో ఉన్న జ్ఞానానికి కూడా విలువ కట్టి, దాన్ని అడిగి తీసుకుని, అందరి బట్టలోకి చేర్చడమే ఆ దారి. సిలోన్ నేతగాళ్లను అలా అడిగినవారు ఆనాడు చాలా తక్కువ.