పెద్దనగారు అడిగిన లేఖకుడు

 కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్‌లు వెతికితే ‘పెద్దన’ అనే పేరు కనిపిస్తుంది. ఆ పెద్దన ఎవరో, ఆ అక్షరాలను ఎక్కడ వాడాలో ఈ నెల తెలుసుకుందాం.

అల్లసాని పెద్దన దాదాపు 500 ఏళ్ల కిందటి మహాకవి. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో, అష్టదిగ్గజాల్లో మొదటి పేరు ఆయనదే. మార్కండేయ పురాణంలోని ఒక చిన్న కథను తీసుకుని, ఆరు ఆశ్వాసాల ‘మనుచరిత్ర’గా పెంచారు. కాలికి పూసుకున్న లేపం మంచుకు కరిగిపోయి, హిమాలయాల నుంచి ఇంటికి రాలేక తల్లడిల్లిన ప్రవరుడి కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయనకు ‘ఆంధ్ర కవితాపితామహుడు’ అనే బిరుదు ఉంది. రాయలవారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారని, పల్లకీ మోశారని, కోకటం అగ్రహారం ఇచ్చారని చెబుతారు. రాయలు పోయాక ఇంకా బతికే ఉన్నందుకు ఆయన పడిన బాధ కూడా పద్యంగా మిగిలింది.

ఆయన పేరు మీద మరో పద్యం ప్రసిద్ధం. ఊరికే కావ్యం రాయమంటే కుదరదట. ప్రశాంతమైన చోటు, కప్పురపు విడెం, ఇష్టమైన భోజనం, ఉయ్యాల మంచం, తప్పొప్పులు తెలిసిన రసికులు కావాలట. వాటితో పాటు కవి ఊహను పట్టుకోగల మంచి లేఖకుడు, మంచి పాఠకుడు కూడా కావాలట. తాటాకు మీద గంటంతో రాసే ఆ రోజుల్లో లేఖకుడి చెయ్యి బాగుంటేనే కావ్యం నిలిచేది.

ఈ రోజు ఆ పని ఫాంట్ చేస్తోంది. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటి కవుల పేర్లతో తెలుగు ఫాంట్‌లను ఉచితంగా అందించింది. వాటిలో ‘పెద్దన’ మన తాతల కాలం నాటి సాహిత్య పుస్తకాల అచ్చును గుర్తుకు తెస్తుంది. ఒకే అక్షరంలో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగుతుంది. అందులోని ఇంగ్లిష్ అక్షరాలకు కూడా చివర్లలో చిన్న పాదాలుంటాయి. వాటినే సెరిఫ్‌లు అంటారు.

ఇలాంటి నాజూకు అక్షరాలు శుభలేఖకు, పద్యానికి, పుస్తకం అట్టకు, సర్టిఫికెట్ మీద బిడ్డ పేరుకు బాగా నప్పుతాయి. సైజు పెద్దది పెట్టి, చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. బస్సు బోర్డుకు, చిన్న అక్షరాల నోటీసుకు మాత్రం వద్దు. జెరాక్స్ తీస్తే సన్న గీత ఎగిరిపోతుంది, వత్తు కనపడక మాట మారిపోతుంది.

నేను పాఠం చెప్పేది ఇంగ్లిష్ మీడియంలోనే. అయినా అమ్మకు పంపే మెసేజ్ కూడా పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఈ ఆదివారం మీ పాప చేతో, బాబు చేతో తాతయ్యకు ఇష్టమైన ఒక పద్యాన్ని ‘పెద్దన’లో టైప్ చేయించండి. ప్రింట్ తీసి తాతయ్య ముందు పైకి చదివించండి. మంచి లేఖకుడు ఉచితంగా దొరికాడు. మంచి పాఠకుణ్ణి మాత్రం మన ఇంట్లోనే తయారుచేసుకోవాలి.