హాల్డేను మహాశయుడు

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఇంగ్లాండునందలి ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. ఆయన తండ్రి శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. గనులలోని వాయువులను పరీక్షించుటకై భూగర్భమునకు దిగునపుడు కుమారుని గూడ వెంటబెట్టుకొని పోవుచుండెను.

ఒకనాడు ఒక బొగ్గుగనిలో తండ్రి ఆ బాలుని లేచి నిలుచుండి, జూలియస్ సీజరు నాటకమునందలి ఆంటొనీ ప్రసంగమును అప్పజెప్పుమనెను. బాలుడు కొన్ని పంక్తులు చెప్పునంతలోనే ఊపిరి సలుపక, కాళ్ళు తడబడి నేల గూలెను. నేలనంటియున్న గాలి మంచిదగుటచే వెంటనే తేరుకొనెను. గనులలో పుట్టు మండెడు వాయువు గాలికంటె తేలికయనియు, అది పైకప్పునంటి నిలుచుననియు అతడు ఈ విధముగా నేర్చుకొనెను. బెల్లంపల్లి, గోదావరిఖని గనులలో పనిచేయువారి బిడ్డలకు ఈ పాఠము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తన దేహముపైననే పరీక్షలు చేసికొను అలవాటు ఆయనకు పెద్దయైన పిదపను నిలిచెను.

హాల్డేను గణితమున దిట్ట. డార్విను 1859లో వివరించిన పరిణామ సిద్ధాంతమునకు లెక్కల బలము కూర్చినవారిలో ఆయన ముఖ్యుడు. మాంచెస్టరు ప్రాంతమున ఫ్యాక్టరీల పొగచే చెట్ల బెరడు నల్లబడెను. అచ్చట రాత్రివేళ తిరుగు ఒకజాతి రెక్కలపురుగులలో నల్లనివి 1848 నాటికి మిక్కిలి అరుదు. ఏబది యేండ్లలో దాదాపు అన్నియు నల్లనివే యయ్యెను. ఇంత వేగముగా మార్పు రావలెనన్న నల్లనివి తెల్లనివానికంటె ఒకటిన్నర రెట్లు సంతతిని నిలుపుకొనవలెనని ఆయన 1924లో లెక్కగట్టెను. తెల్లనివి నల్లని బెరడుపై పిట్టల కంటబడుటయే కారణమని తరువాతివారు పరీక్షించి తేల్చిరి. పొగ తగ్గిన పిమ్మట తెల్లనివి మరల పెరిగినవి.

మలేరియా ప్రబలిన దేశములలో కొన్ని రక్తదోషములు నశింపక ఏల నిలిచినవో 1949లో ఆయన ఊహించెను. తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే ఆ దోషము సంక్రమించినచో చలిజ్వరమునుండి రక్షణ కలుగును. ఇరువురినుండియు సంక్రమించినచో వ్యాధి యగును. కొడవలి ఆకారపు రక్తకణముల విషయమున ఇది నిజమని ఆలిసన్ 1954లో ఆఫ్రికాయందు చూపెను. ఆదిలాబాదు అడవులలోని గోండులయందును ఈ దోషము కలదు. ఆశ్రమ పాఠశాలలో కీళ్ళనొప్పులతో మంచముపట్టిన పిల్లవానిని చూచినవారికి ఇది వట్టి పుస్తకపు మాటగా తోచదు.

1956లో సూయజు కాలువకై బ్రిటను ఈజిప్టుపై దండెత్తెను. దానిని నిరసించి, హాల్డేను 1957లో స్వదేశము విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థయందు చేరెను. తరువాత భారత పౌరుడయ్యెను. ఆ సంస్థ భూగర్భశాస్త్రజ్ఞులు ఆ కాలముననే మన ప్రాణహిత–గోదావరి లోయలో శిలాజములను త్రవ్వసాగిరి. దిగువనున్న మాలేరి పొరలలో పురాతన సరీసృపములును, చిన్న రాక్షసబల్లులును దొరకినవి. వానికి పైనున్న కోటా పొరలలో, ప్రాణహితకు ఆవలి యొడ్డున, పెద్దకాలి రాక్షసబల్లియగు బారపాసారసు ఎముకలు బయటపడినవి. జీవులు మారిన క్రమమే రాళ్ళలోను పొరలు పొరలుగా నిలిచియున్నది.

హాల్డేను తుదకు భువనేశ్వరమున నివసించెను. పుట్టకురుపు సోకి 1964 డిసెంబరు 1వ తేదీన మరణించెను. తన దేహమును విద్యార్థుల పఠనమునకు ఈయవలెనని ఆయన ముందే వ్రాసియుంచుటచే, దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చిరి.