హెన్రీ లూయీ రే

1848వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రమందలి హైడ్స్‌విల్ అను పల్లెలో ఫాక్సు సోదరీమణులు తమ యింట వినవచ్చిన చప్పుళ్లు మృతుల సంకేతములని చెప్పిరి. ఆ వార్త అమెరికా యంతటను ప్రాకెను. కొందఱి కది వినోదమాయెను, కొందఱికి వ్యాపారమాయెను. లూసియానా రాష్ట్రపు న్యూ ఆర్లియన్సు నగరములో ఫ్రెంచి మాటాడు ఆఫ్రికా సంతతి క్రియోలులకు మాత్ర మది వేఱొక విధముగ నక్కఱకు వచ్చినది. ఆ కథకు నాయకుడు హెన్రీ లూయీ రే.

రే 1831లో జన్మించెను. ఆయన కుటుంబమువారు బానిసలు కారు. అట్లని పౌరులును కారు. వారికి వోటు లేదు, వారి బిడ్డలకు సర్కారు బడులలో ప్రవేశము లేదు. ఆఫ్రికాలో పుట్టి, బానిసయై, పిదప స్వతంత్రురాలైన మరీ కూవాన్ అను వితంతువు 1837లో మరణించుచు అనాథ బాలల చదువునకై తన స్థలమును వ్రాసియిచ్చెను. ఆ బడి 1848లో తెఱవబడినది. దాని నిర్వాహకులలో రే తండ్రి బార్తెలెమీ యొకడు. అందు బోధన ప్రధానముగ ఫ్రెంచిలో సాగెడిది. పరభాష నడుమ మాతృభాషలో బడి నడపుటయందలి కష్టమును మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

బార్తెలెమీ 1852లో గతించెను. కొన్నియేండ్లకు కుమారుడు మృతులతో సంభాషించు గోష్ఠులలో చేరి, 1858 మొదలు ఆ సందేశములను పుస్తకములలో వ్రాసియుంచ నారంభించెను. తండ్రి యాత్మయు వారితో మాటాడెనట! మిత్రులందఱు బల్లచుట్టును కూర్చుండగా, మీడియమైన రే చేతిలోని కలము ఫ్రెంచిలో సాగిపోవుచుండెడిది. ఈ మండలికి 'సెర్క్ల్ ఆర్మోనిక్' అని పేరు. సామరస్య మండలి యని చెప్పుకొనవచ్చును. వాల్మూర్ అను కమ్మరి మఱియొక మీడియము. రోగములు మాన్పునను నమ్మకముతో జనులాతనికడకు వచ్చెడివారు.

ఇంతలో అంతర్యుద్ధము వచ్చినది. 1861లో ఈ స్వతంత్రులు దక్షిణ పక్షపు రాష్ట్రసేనలో చేరియుండిరి. నగరము ఉత్తరసేనల వశమైన పిదప, 1862లో, వారిలో ననేకులు ఆ పక్షమునకు వచ్చిరి. రే కెప్టెనాయెను. కాని సేనాని బాంక్సు నల్లజాతి యధికారులను తొలగింపబూనగా పలువురు రాజీనామా చేసిరి. 1863లో రేయును విరమించెను. ఆ సంవత్సరము మే 27న పోర్టు హడ్సను కోటమీదికి తన దళమును నడపుచు కెప్టెన్ ఆంద్రె కైయూ కూలెను. కోట లొంగిన జూలై వఱకు ఆయన శవము రణభూమియందే పడియుండెను. 1866 జూలై 30న వోటుహక్కుకై సభ చేయవచ్చినవారిపై మూకలును పోలీసులును పడి హత్యలు గావించినప్పుడు విక్టర్ లక్రోవా మరణించెను.

ఈ యిరువురును రే పుస్తకములలో మాటాడుదురు. లింకను, తూసాఁ లూవెర్త్యూర్, సెంట్ విన్సెంట్ ద పాల్ కూడ వత్తురు. వారి బోధ యొక్కటే: దేహము విడిచిన యాత్మకు రంగు లేదు, పగ తీర్చుకొనరాదు, అన్యాయమునకు లొంగనురాదు. ఆ మాటలు పరలోకమునుండి దిగివచ్చెనని మేము నమ్మజాలము. కాని హంతకులను క్షమింపుమని హతునిచేత చెప్పించుకొనవలసి వచ్చిన మనసుల బాధ మాకు బోధపడుచున్నది. చర్చిలో ననేక పురోహితులు బానిసత్వమును సమర్థించుచుండగా వారు వేఱెచ్చట నూఱట వెదకగలరు?

1868లో కొత్త రాజ్యాంగము వర్ణభేదము లేని బడులను శాసించెను. రే నాటి శాసనసభలో సభ్యుడాయెను. ఆ వెలుగు చిరకాలము నిలువలేదు. 1877లో కేంద్రసేనలు వెడలిపోగా పాత యజమానుల పాలన మరలివచ్చెను. మండలియందు కూర్చుండువా రప్పటికే సన్నగిల్లిరి. ఆ యేటితో రే వ్రాత నిలిచెను. 1894లో ఆయన మరణించెను.

ముప్పదికి పైబడిన ఆ పుస్తకములు మఱియొక మీడియమగు ఫ్రాన్స్వా ద్యుబుక్లే యింట నుండెను. ఆయన యల్లుడు, ఫ్రాన్సునుండి వచ్చిన రెనె గ్రాన్‌జాన్, వానిని భద్రపఱచి, అంచులలో తన వివరణములు చేర్చెను. అవి న్యూ ఆర్లియన్సు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరినవి.